ఎద్దులప్ప నెత్తురు

గంగాధరప్పను ఊళ్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. పెళ్లామైనా పిలుస్తుందా అంటే, ఆవిడ మొగుణ్ని పేరు పెట్టి పిలిచే మనిషి కాదు. మిగతా అందరికీ ఆయన ఎద్దులప్ప. ముదిగుబ్బ బస్సు కండక్టరుకూ ఎద్దులప్పే, శెనక్కాయల మండీలో హమాలీలకూ ఎద్దులప్పే. ఆ పేరు పెట్టింది బయటివాళ్లు కాదు. సొంత అక్క, హనుమంతమ్మ. మొగుడి శవం పక్కన కూర్చుని "ఎద్దులప్పా" అని ఒక్కసారి అరిచింది, అంతే. ఊరు దాన్ని ఎత్తుకుంది.

అది డెబ్బై నాలుగు, వానలు మొహం చాటేసిన ఏడాది. హనుమంతమ్మ మొగుడు సుంకప్ప బావి లోతు చేయిస్తుంటే బండ పగలగొట్టే తూటా పేలి, రాతి పెచ్చు ఒకటి ఎగిరొచ్చి అతని పిక్కను నిలువునా కోసేసింది. నెత్తురు బుగబుగా పొంగింది. ఆమె పక్క చేన్లో ఉన్న తమ్ముడి దగ్గరికి పరిగెత్తి బండి కట్టమంది. గంగాధరప్ప అప్పుడే కదిరి నుంచి వచ్చి ఎద్దుల్ని విప్పాడు.

"ఎద్దులు నోరు తెరుచుకోనుండాయక్కా. రెండు గుక్కలు నీళ్లు తాపి కట్టుకోనొస్తా, నువ్వు పో" అన్నాడు.

ఆమె తిరిగొచ్చి మొగుడి తల ఒళ్లో పెట్టుకుని బండి కోసం చూస్తూ కూర్చుంది. బండి వచ్చింది. అప్పటికి సుంకప్ప లేడు.

ఆ తర్వాత పదకొండేళ్లు హనుమంతమ్మ తమ్ముడి గడప తొక్కలేదు. దగ్గర్లో నీళ్లుండే బావి ఒక్క గంగాధరప్పదే. ఆ నీళ్లు గొంతు దిగితే నా మొగుడి నెత్తురు తాగినట్టే అని ఒట్టు పెట్టుకుంది. వంక అవతలి బావి నుంచి, ఎండనక వాననక, బిందె మీద బిందె మోసింది. కోపమేమో తమ్ముడి మీద, అరిగిపోయినవి తన మోకాళ్లు. ఈ మాట ఎవరైనా ఆమె ఎదుట అంటే ఆ బిందెతోనే కొట్టి ఉండేది.

చివరికి లేచి నిలబడాలంటే గోడ పట్టుకునే దశ వచ్చింది. కూతురు తిమ్మమ్మ తల్లిని అనంతపురం తీసుకొచ్చింది. అక్కడొక ఆసుపత్రికి బెంగళూరు నుంచి డాక్టరు వస్తున్నాడు, అరిగిన మోకాలి కీలు తీసేసి లోహపు కీలు పెడతాడట. చూసి, చేస్తానన్నాడు. కానీ ఇలాంటి ఆపరేషన్లో నెత్తురు బాగా పోతుంది, ఎక్కించడానికి సిద్ధంగా ఉండాలి. హనుమంతమ్మది అరుదైన రకం. కూతురిది కలవలేదు. తిమ్మమ్మ తల్లికి తెలియకుండా మేనమామకు కబురంపింది. ఆయన పరుగున వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. కలిసింది.

ఈ సంగతి చెవిన పడగానే హనుమంతమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"వాని నెత్తురు నా ఒంట్లోకొస్తే ఈ కాలు నరుక్కుంటా సారూ. ఇంగో దోవ సెప్పు."

డాక్టరు తల గోక్కున్నాడు. ఇంకో దారి ఉంది. ఆపరేషనుకు కొన్నాళ్ల ముందు ఆమె నెత్తురే ఒక సీసా తీసి భద్రపరిచి, ఆ రోజు ఆమెకే ఎక్కించొచ్చు. "కానీ నువ్వు బక్కదానివమ్మా. ఒక్క సీసాకు మించి తియ్యలేను. అది చాలకపోతే ప్రాణానికే ముప్పు" అన్నాడు. ఆమె చెయ్యి చాపింది. తన నెత్తురు తనే దాచుకుని, రాగిసంకటీ ఆకుకూరా బెల్లమూ తిని మళ్లీ పుంజుకుంది.

తమ్ముడికి మాత్రం రావద్దని చెప్పనీయలేదు. రానీ అంది. పదిమంది ముందు చొక్కా చెయ్యి పైకి మడుచుకుని నిలబడనీ, అప్పుడు పొమ్మంటాను అనుకుంది. అక్కను బతికించుకున్నాడన్న పేరొస్తే ఎద్దుల పేరు చెరిగిపోతుందని వాడి ఆశ. ఆ ఆశ వాడి మొహం మీదే చచ్చిపోవడం చూడాలి. కొత్త మోకాలు వచ్చినా రాకపోయినా అది చూస్తే చాలు.

ఆపరేషన్ రోజు పొద్దున గంగాధరప్ప వచ్చాడు. ఉతికిన చొక్కా, భుజాన తువ్వాలు, వెనకాల పెదనాన్న కొడుకు బయ్యన్న, ఇంకో నలుగురు బంధువులు. అప్పటికే చొక్కా చెయ్యి మడిచి ఉంది. తమ్ముడి నెత్తురు అక్కర్లేదని డాక్టరు నోటే పలికించాలని, అతను వచ్చేదాకా ఆగి, హనుమంతమ్మ అందరికీ వినబడేలా అడిగింది.

"సారూ, వీళ్లకీ సెప్పండి. నా నెత్తురు పోకుండా ఎట్ల ఆపుతారు?"

"తొడకు గాలిపట్టీ చుట్టి బిగిస్తాం. అది ఉన్నంతసేపూ కిందికి నెత్తురు పారదు. విప్పాక కారకుండా, తెగిన సన్న నాళాలను కరెంటు సూదితో కాల్చి మూసేస్తాం." ఆమెకు అర్థం కావాలని డాక్టరు ఇంకో మాట కలిపాడు. "పాము కరిస్తే మీరు పైన గుడ్డ కట్టరూ? అలాగే. పాముకు దానివల్ల పెద్ద లాభం లేదు గానీ, కాలు తెగి నెత్తురు పోతుంటే అదే ప్రాణం నిలబెడుతుంది."

హనుమంతమ్మ మోచేతి మీద కొంచెం లేచింది. "ఏ గుడ్డయినా?"

"ఏ గుడ్డయినా. గట్టిగా బిగిస్తే ఆసుపత్రి చేరేదాకా మనిషి ఉంటాడు."

డాక్టరు ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. ఆమె కళ్లు తమ్ముడి భుజం మీది తువ్వాలు దగ్గరే ఆగిపోయాయి. ఇన్నేళ్లూ బండి, బండి అని ఏడ్చింది. బండి ఆలస్యమైనా, ఒక గుడ్డ కట్టి ఉంటే మొగుడు బతికేవాడన్నమాట! ఇంతకన్నా పదునైన కత్తి ఆమె చేతికి ఇంకెప్పుడూ దొరకదు.

"ఒరే గంగాధరా, ఇట్ల రా" అంది.

పదకొండేళ్ల తర్వాత అక్క నోట తన పేరు. గంగాధరప్ప కళ్లనీళ్లు పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చి వంగాడు.

"ఇన్నావా? బండి గాదురా, ఆ పొద్దు నీ భుజం మింద తువ్వాలు సాలంట. అది గూడా ఇయ్యకపోతివి. నీ నెత్తురు ఎవురికి గావల్లరా? కుక్కలకు పోసుకో, పో!"

బంధువులు తలలు దించుకున్నారు. గంగాధరప్ప మాత్రం దించుకోలేదు. మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దింపుకుని, ఆమెకొక్కదానికే వినబడేలా అన్నాడు.

"నాకు తెలుసక్కా. బావ దినాలు కాకముందే కదిరిలో కాంపౌండరు సెప్పినాడు."

"తెలిసి... తెలిసీ నాకెందుకు సెప్పలేదురా?"

"నేను బండి కట్టేటప్పుడు బావ పక్కన ఉండింది నువ్వే గదక్కా. నీ ఒంటి మింద చీర ఉండె. నీకు తెలిస్తే బతకవని సెప్పలేదు. ఎద్దులప్పంటే అననీలే అనుకుంటి."

హనుమంతమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. తను ఆ పేరుతో ఊరంతా తిప్పి వాణ్ని కొడుతూ ఉంటే, వాడు ఇన్నేళ్లూ ఈ ఒక్క మాట దాచి తనను కాపాడుతూ వచ్చాడు. బండి ఆలస్యం చేసినందుకు చచ్చేలోగా ఎప్పుడైనా క్షమించి ఉండేదేమో. ఈ జాలిని మాత్రం ఆమె క్షమించలేదు. ఇంతకుముందు ఎన్నడూ లేనంతగా తమ్ముడి మీద ఒళ్లు మండింది. ఆ మంట ఆగి తన వైపు తిరిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

నర్సులు మంచాన్ని లోపలికి తోశారు. డాక్టరు తొడకు పట్టీ చుడుతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా కట్టు సారూ. ఇంగా గట్టిగా. వానిది ఒక్క సుక్క గూడా నాకు రాగూడదు."

"అలాగేనమ్మా, ఏడవకు" అన్నాడు డాక్టరు.