మామగారు నమిలిన మేత

తను నమలని మేత చెరువులో చేపలకి వేయనని మామగారి పంతం. కొత్త బస్తా విప్పితే చాలు, ఓ గుళిక నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవారు. చేపలు ఏనాడూ ఎదురు చెప్పలేదు కాబట్టి తన నాలుక మీద ఆయనకి కొండంత నమ్మకం.

మేతలో కలిపే ఎండుచేపల పిండి దొరకడం గగనమయ్యాక, కోడలు వెనకగదిలో పెట్టెల్లో కూరగాయల తొక్కలు వేసి ఈగ పురుగులు పెంచింది. వాటిని ఎండబెట్టి, పిండి కొట్టి, మేత చేస్తానంది. మామగారు ముక్కు మూసుకున్నారు.

"నాకు నచ్చి, చేపలు తింటే సరే. లేదంటే ఆ పురుగుల పెట్టెలన్నీ సాయంత్రానికల్లా పారేయాలి."

కోడలు కంగారుపడింది. ఆ ఇంట్లో ఆమె సొంతంగా మొదలుపెట్టిన పని ఇదొక్కటే. ఆ కంగారులో గుళికల్లో ఉప్పేసింది, మిరియాల పొడి దట్టించింది, వెల్లుల్లితో దోరగా వేయించింది.

మామగారు మొహం చిట్లించి ఒకటి నమిలారు. ఇంకొకటి. తర్వాత గుప్పెడు.

"ఇవి పురుగులేనా?"

"పురుగులే మామయ్యా."

"అమ్మో!" అంటూనే మరో గుప్పెడు తీసుకున్నారు.

చెరువు గట్టున తనే దర్జాగా చల్లారు. చేపలు ఎగబడి వచ్చాయి, నోట్లో పెట్టుకున్నాయి, ఉమ్మేసి వెళ్ళిపోయాయి. మళ్ళీ చల్లినా అంతే. కోడలు కళ్ళు తుడుచుకుని పెట్టెలు పారేయడానికి వెనకగదికేసి నడిచింది.

"ఆగమ్మా! నాకు నచ్చింది వీటికి నచ్చకపోవడమేంటి? కొమ్ములొచ్చాయా వీటికి?"

ఆయన తన పక్షాన నిలబడేసరికి ఇక దాచలేకపోయింది. "మీ కోసం ఉప్పూ మిరియాలూ వేశాను మామయ్యా. తినేది చేపలన్న సంగతే మరిచిపోయాను."

ఆయన చేతిలో మిగిలిన గుళికలు నోట్లో వేసుకున్నారు. "అయితే ఈసారి వాటి కోసం చెయ్యి."

కాస్త వెల్లుల్లి మాత్రం కలిపి చప్పగా చేసుకొచ్చింది. మామగారు నోట్లో వేసుకుని "థూ!" అన్నారు. అయినా వాటి కోసం చేయమన్నది తనే కాబట్టి చెరువులో చల్లారు. నీళ్ళు కుతకుతలాడాయి. ఒక్క గుళిక మిగల్లేదు.

"ఇక నుంచి నేను ఉమ్మేస్తేనే చెరువులో వెయ్యి," అన్నారు మామగారు చిన్నబోయిన మొహంతో. నాలుగడుగులు వేసి ఆగారు. "ఆ మొదటి రకం పారేశావా?"

"లేదు మామయ్యా."

"డబ్బాలో పోసి నా మంచం పక్కన పెట్టు. అన్నట్టు, వెనకగది చూశాను. ఇంకో రెండు పెట్టెలకి చోటుంది."