బాలింత కుంపటి

కణకణలాడే బొగ్గుల కుంపటిని రెండు చేతులా పట్టుకుని, తలగుడ్డ కొసలు నిప్పుల్లో పడకుండా వెనక్కి విసిరి, మద్దమ్మ మెట్లెక్కుతోంది. పొద్దున్నుంచి ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆమెకే తెలియదు. మోకాళ్లు పీకుతున్నాయి. అరబ్బుల దేశంలోని ఆ జహ్రా ఊళ్లో జనవరి చలి ఎడారి మీదినుంచి నేరుగా ఇంట్లోకే వస్తుంది.

మద్దమ్మ పనిచేసే ఆ ఇంటికంతా వేడిగాలి పంచే మిషన్ మేడమీద ఉంది. శుక్రవారం తెల్లారేసరికి అది చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. ఇంట్లో ఉన్న రెండు కిరసనాయిలు హీటర్లనూ యజమాని బాబా, ఆయన కొడుకులూ మొన్ననే ఎడారిలో వేసుకున్న గుడారాలకు పట్టుకుపోయారు. చలికాలంలో అదో సరదా వాళ్లకు. ఇంత మేడ కట్టుకున్నవాళ్లు పోయిపోయి గుడ్డ డేరాలో పడుకుంటారు! ఇంట్లో మిగిలింది యజమానురాలు మామా, ఆమె కూతురు నూరా, నూరా పక్కలో పందొమ్మిది రోజుల పసిగుడ్డు. పురిటికి పుట్టింటికి వచ్చిన నూరా నలభై రోజులూ మేడమీది గది దాటకూడదని మామా పట్టుదల. కిందికి దించుదామన్న ఆలోచనకే ఆమె చెవులు మూసుకుంది.

మెట్ల మలుపులో పైనుంచి పనిముట్ల సంచితో జిలానీ బాషా దిగుతున్నాడు. హవల్లీలో ఒక రిపేరు దుకాణంలో మెకానిక్కు అతను. రాయచోటి మనిషి. పొద్దున గేటు దగ్గర మద్దమ్మ నోట రెండు తెలుగు మాటలు విని, "మన పక్క మనిషే గదా అక్కా నువ్వు!" అని పండగ చేసుకున్నాడు.

"మిషనేమయింది నాయనా?"

"కాయిలు కాలిపోయిందక్కా. దాంతోపాటే పైఅంతస్తు వైర్లు గూడా మాడిపోయినాయి. ఈపొద్దు శుక్రవారం, సామాను దుకాణాలు తెరవరు. రేపు తెచ్చి బిగిచ్చా. అందాక పైన యే ప్లగ్గులోనూ హీటరు పెట్టగాకండి, కొంప అంటుకుంటాది. మీ మామాకు గూడా చెప్పినా." అప్పుడు చూశాడతను కుంపటిని. "ఇదెక్కడికి?"

"బాలింత గదిలోకి."

"అయితే కిటికీ తెరిచి పెట్టండక్కా. మొన్న సులైబియాలో గోడౌన్ కాపలావోళ్లు ముగ్గురు ఇట్లనే బొగ్గులు పెట్టుకోని, తలుపేసుకోని పండుకున్నారు. తెల్లారి తలుపు పగలగొట్టి పీనుగుల్ని తీసినారు. పొగ గూడా ల్యా. బొగ్గులో విషంగాలి ఉంటాది, వాసన రాదు."

మద్దమ్మ నవ్వింది. "పోబ్బా! బాలింత గదికి కిటికీ తెరుచ్చారా యాడన్నా? మగోనివి, నీకేం తెలుసు ఈ సంగతులు?"

"చెప్పినా, ఇంక నీ ఇష్టం," అని బాషా సంచి భుజం మార్చుకుని దిగిపోయాడు.

గదిలో మామా అప్పటికే పరదాలు లాగేసి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. మద్దమ్మ మంచానికి నాలుగడుగుల దూరంలో ఇత్తడి పళ్లెంలో కుంపటి దించింది. "సక్రీ, సక్రీ," అంటూ మామా తలుపు చూపించింది, మూయమని. ఆ పని మద్దమ్మకు ఒకరు చెప్పాలా? రెండు తువ్వాళ్లు చుట్టచుట్టి తలుపు కింది సందులో కుక్కింది. కిటికీ రెక్కల మధ్య గుడ్డపేలికలు కత్తిమొనతో ఒత్తి ఒత్తి పెట్టింది. తాళంచెవి కంతలో కూడా ఇంత దూది దూర్చింది. మామా అంతా పరీక్షగా చూసి, "షాతిరా!" అని భుజం తట్టింది. శభాష్ అన్నట్టే అది. నాలుగేళ్ల చాకిరీలో ఆ మాట మద్దమ్మ చెవిన పడటం అదే మొదలు.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నెలకు పాతిక దినార్లిచ్చే చేతులు ఎప్పుడూ వస్తువులు చూపించడానికే లేచేవి. అవి ఈపొద్దు భుజం తట్టాయి. అంతకంటే పెద్ద సంగతి, తనను బాలింత దగ్గర కూర్చోమన్నాయి. తనను! ఊళ్లో ఏ బాలింత గడపైనా తొక్కనిచ్చారా మద్దమ్మను?

పన్నెండేళ్ల కిందటి మాట. లక్కిరెడ్డిపల్లె పక్క పల్లెలో ఆమెకు పద్దెనిమిదో ఏట తొలికాన్పు. కార్తీకమాసం, విడవని ముసురు. కిటికీ లేని మూలగదిలో నులకమంచం, మంచం కింద కుంపటి, తలుపు సందుల్లో గోనెపట్టాలు. తల్లికీ బిడ్డకూ గాలి సోకకూడదని అత్త కట్టుదిట్టం చేసింది. పదకొండో నాటి తెల్లవారుజామున మద్దమ్మకు తల పగిలిపోయేంత నొప్పి, కడుపులో తిప్పుడు, కాళ్లు తనవి కానట్టు తిమ్మిరి. ఊపిరాడక పాక్కుంటూ పోయి తలుపు మూరెడు తెరిచి గడప మీదే పడిపోయింది. మళ్లీ తెలివి వచ్చేసరికి ఇంటినిండా ఏడుపులు. కొడుకు మాత్రం బుగ్గలు ఎర్రగా, హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

"తలుపు తీసి బిడ్డకు గాలి సోకిచ్చి సంపుకున్నెవు గదే పాపిష్టిదానా!" అని అత్త నోరు కొట్టుకుంది. ఊరు ఆ మాటే పట్టుకుంది. మూడేళ్లకు మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాడు. వాళ్లు అంటే అన్నారు, పోనీ! మద్దమ్మ కూడా నమ్మింది. తన చేత్తో తెరిచిన ఆ మూరెడు సందు గుర్తొచ్చి కుమిలిపోని రోజు లేదు ఆమెకు. ఆ మనిషికి ఇప్పుడు ఒక పసిగుడ్డును అప్పజెప్పారు. ఈ బిడ్డకు పూచికపుల్లంత గాలి కూడా సోకనివ్వకూడదనుకుంది.

మధ్యాహ్నం దాటాక చుట్టాల ఆడవాళ్లు వస్తే మామా కిందికి వెళ్లింది. పోతూ పోతూ బొగ్గుల బుట్ట చూపించి, చల్లారనివ్వొద్దని సైగ చేసింది. మద్దమ్మ తివాచీ మీద చేరగిలబడి, పట్టకారుతో ఒక్కో బొగ్గూ వేస్తూ కూర్చుంది. గది వెచ్చగా ఉంది. నూరా నిద్రపోతోంది, పక్కన ఉన్నిదుప్పట్లో బిడ్డ. ఇరవై ఏళ్ల పిల్ల నూరా. నిద్రలో నోరు కొంచెం తెరుచుకుని, తనే పసిపిల్లలా ఉంది.

మూడు గంటల ప్రాంతంలో మద్దమ్మకు కణతలు లాగడం మొదలైంది. పొద్దున్నుంచి రొట్టె ముక్క కూడా నోట పడలేదు, అందుకేలే అనుకుంది. కాసేపటికి నొప్పి నుదురంతా పాకింది. కడుపులో తిప్పింది. బొగ్గు వేద్దామని లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి కూలబడింది. పట్టకారు పళ్లెంలో పడి ఠంగుమంది. ఆ చప్పుడుకు నూరా కదల్లేదు. బిడ్డా ఉలికిపడలేదు.

ఈ నొప్పి తనకు తెలుసు. ఈ తిప్పుడు, ఈ తిమ్మిరి తెలుసు. పన్నెండేళ్లుగా ఒక్కరోజు మరిచిపోలేదు. ఆనాడు ఆమె తలుపు తీసింది నొప్పి వచ్చిన తర్వాత. ఊపిరాడకనే గదా తీసింది! తీయకముందే గదా తల పగిలింది! పొగ గూడా ల్యా, వాసన రాదు అన్న బాషా మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. మద్దమ్మ మంచం కోడు పట్టుకుని పైకి లేచి బిడ్డ మొహంలోకి వంగి చూసింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యో దేవుడా! గాలి సోకి కాదు, గాలి ల్యాక!"

ఆ మాట ఆమె గొంతులోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. తువ్వాళ్లు పీకి పారేసింది. తలుపు బార్లా తీసింది. తను అంత శ్రద్ధగా కుక్కిన పేలికలు రావు కిటికీలోంచి! గోళ్లు విరిగేలా గీరి, లాగి, రెక్కలు తోసేసింది. ఎడారి గాలి చెంప మీద కొట్టినట్టు వచ్చి పడింది. మద్దమ్మ బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తి, చెవి మెలిపెట్టి, పాదం మీద చిటికేసి, "ఏడువమ్మా, ఏడువు, ఏడువే తల్లీ," అని బతిమాలింది. ఎంతసేపటికో ఆ పసిది మొహం ముడుచుకుని, సన్నగా, పిల్లికూన మాదిరి కుయ్యిమంది.

సరిగ్గా అప్పుడే మామా వచ్చింది. తెరిచిన కిటికీ, దాని ముందు పనిమనిషి చేతుల్లో వణుకుతున్న మనవరాలు! ఆమె కేక వీధిదాకా వినిపించింది. బిడ్డను లాక్కుని మంచం మీద పడుకోబెట్టి, కిటికీ దబ్బున మూసేసింది.

మద్దమ్మకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. కడుగు, ఊడువు, తే, పెట్టు. ఇంత పెద్ద సంగతి చెప్పడానికి అందులో మాటలెక్కడివి? కుంపటి చూపించి "ఫహమ్" అంది, బొగ్గు. బిడ్డను చూపించి "యాహిల్" అంది. ఆ తర్వాతి మాట ఒక్కటే తెలుసు ఆమెకు. "మూత్" అంది. చావు.

బాలింత గదిలో, పసిబిడ్డకు వేలుపెట్టి చూపించి, చావని అంటే ఏ అమ్మమ్మ ఊరుకుంటుంది? మామా చెయ్యి చెళ్లుమంది. మామా రాక్షసి కాదు. చలికి ఆ బిడ్డ ఏమైపోతుందోనని తెల్లవారినప్పటినుంచి ఆమె మెతుకు ముట్టలేదు. ఆ మాటకొస్తే అత్త కూడా రాక్షసి కాదు. అదే మద్దమ్మకు దిక్కు తోచకుండా చేసింది.

కేకలకు నూరా కళ్లు తెరిచింది. లేచి కూర్చోబోయి, తల పట్టుకుని, దిండు పక్కన భళ్లున కక్కుకుంది. తల పగిలిపోతోందమ్మా అని ఏడ్చింది. మామా కూతురి నుదురు పట్టుకుని మద్దమ్మ వైపు తిరిగింది. ఆ అరబ్బీలో సగం మాటలు మద్దమ్మకు తెలియవు. తెలిసిన సగం చాలు. తలుపు తీశావు. గాలి కొట్టించావు. నా బిడ్డను చంపుతావా?

సముద్రం దాటి ఇంత దూరం వచ్చినా అదే మాట! భాష మారింది, అంతే.

"ఖలాస్! బాబా రానీ, రేపే నీ ఊరికి పంపేస్తాను," అంది మామా వేలు ఆడిస్తూ. పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. ఊరంటే ఏ ఊరికి? అన్న ఇంట్లో తను పంపే డబ్బుతోనే తనకింత చోటు. ఆ డబ్బు ఆగిన నాడు ఆ గుమ్మం ఎట్లా మొహం చాటేస్తుందో మద్దమ్మకు బాగా తెలుసు. మామా పాదంతో తువ్వాళ్లను తలుపు వైపు తోసింది. కుంపటి చూపించింది. "యల్లా! బొగ్గులెయ్యి!"

మద్దమ్మ వంగి ఒక తువ్వాలు తీసుకుంది. నాలుగేళ్లుగా యల్లా అనడమే ఆలస్యం, వంగే నడుం అది. దానంతటదే వంగింది. తువ్వాలు చుడుతూ మంచం వైపు చూసింది. బిడ్డ కుయ్యిమనడం మళ్లీ ఆగిపోతోంది. కళ్లు మూతపడుతున్నాయి.

ఆమె తువ్వాలు కింద పడేసింది. నూరా మంచం పక్కన నీళ్ల జగ్గు ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, బాలింత కుంపటి మీద గుమ్మరించింది. అంతటి అపచారం ఆమె పుట్టిన పల్లెలో ఎవరూ చేసి ఉండరు. నిప్పులు సుయ్యిమని, బూడిదా ఆవిరీ గుప్పున లేచాయి. మామా దగ్గుతూ తలుపు దాకా వెనక్కి నడిచింది. మద్దమ్మ కిటికీ రెక్కలు మళ్లీ తోసేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"లా, మామా," అంది. ఆ ఇంట్లో ఆమె వద్దన్నది అదే మొదటిసారి. తర్వాతి మాటలు అరబ్బీలో దొరకలేదు. దొరికినా చెప్పేది కాదేమో. "తలుపు తీసి నేను సంపలేదత్తా. మూసి మీరు సంపినారు నా కొడుకును."

మామాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మెట్ల మీదికి పోయి, గేటు దగ్గరి డ్రైవర్ను పేరుపెట్టి కేకేస్తోంది. అతను పరుగున వస్తున్న చెప్పుల చప్పుడు కింది గదిలోంచి వినిపిస్తోంది. మద్దమ్మ చేతులు వెనక్కి పెట్టి కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది. చలిగాలికి వీపు కొయ్యబారిపోతోంది. మంచం మీద బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, ఏడవనీ.