పిజ్జాకి పెట్టిన సంతకం

కత్తి కడిగి అప్పజెప్పి హార్లన్ మీక్స్ నాలుగింటికే లైన్ దిగాడు. కోళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోకుండా దిగితే ఒక తప్పు మార్కు పడుతుంది. ఏడు పడితే ఇక రానక్కర్లేదు. అతనికిది ఆరోది.

"అంత కొంప మునిగే పనేంటో?" అన్నాడు సూపర్‌వైజర్.

"స్కూల్ బోర్డు మీటింగు."

వాడు పగలబడి నవ్వాడు.

స్నానానికి టైము లేదు. హాల్లో కూర్చోగానే పక్కనున్న ఆవిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ జరుపుకుంది. క్లోరిన్, కోడికొవ్వు కలిసిన ఆ వాసన పదకొండేళ్లుగా అతని చర్మంలోనే కాపురముంటోంది. అతను ఒలిచిన కోడి మాత్రం అలాంటివాళ్ల పళ్లేల్లోకి శుభ్రంగా వెళ్తుంది.

వేదిక మీద ఏడుగురు. వెనక గుడ్డ మీద పెద్దక్షరాలు: 'తల్లిదండ్రులే మా భాగస్వాములు'. ఏడుగురి ముందూ కేకు ముక్కలున్నాయి. భాగస్వాములకి మంచినీళ్లు కూడా లేవు.

హార్లన్ కూతురు డెల్లాకి తొమ్మిదేళ్లు. అక్షరాలు దాని కళ్లముందు తారుమారవుతాయి. గ్యారిటీ టీచరమ్మ రోజూ నలభై నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తోంది. మొన్న మార్చిలో ఒక పొద్దున పిల్ల తను తినే కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద రాసిందంతా పైకి చదివింది. ఇప్పుడా టీచరమ్మని తీసేసి, ఆ జీతంతో కంప్యూటర్ ప్రోగ్రాం కొంటారట. వద్దని చెప్పడానికి వచ్చాడు. మాట్లాడతామని అడిగినవాళ్లకి మూడు నిమిషాలిస్తారు.

ముందుగా జిల్లా స్కూళ్ల పెద్ద క్రాఫ్ట్ లేచాడు. "తల్లిదండ్రులతో సంప్రదించాం. నూటపన్నెండు మంది సమ్మతి సంతకాలు జతచేశాం," అని తెర మీద కాగితం చూపించాడు.

పద్నాలుగో గీత మీద హార్లన్ తన వంకర సంతకం చూసుకున్నాడు. పదిహేనోదీ తనదే.

గుర్తొచ్చింది. సెప్టెంబరులో 'కుటుంబాల సాయంత్రం' పెట్టారు. గుమ్మంలో ఒకామె కాగితం పెట్టిన అట్ట చాపి, సంతకం పెట్టి పిజ్జా ముక్క తీసుకోమంది. పైన సన్నక్షరాల్లో ఏదో రాసే ఉంటుంది. ఆకలితో పిల్ల చెయ్యి లాగుతుంటే ఎవడు చదువుతాడు?

పేరు పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, ఆ సంతకం నాదే. పిజ్జాకి పెట్టాను."

నవ్వులు.

"రెండుసార్లు పెట్టాను. మా పిల్ల ఇంకో ముక్క కావాలంది. మీ లెక్కలో నేనొక్కణ్ణే ఇద్దరు తల్లిదండ్రులు."

ఇంకా నవ్వులు. అధ్యక్షురాలు డన్‌లప్ నోట్లో కేకు మింగింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మీక్స్ గారూ. బోర్డు జవాబివ్వదండీ, వింటుంది. అది మా రూలు."

"జవాబొద్దు. నా పేరు కొట్టెయ్యండి. రెండు చోట్లా."

"రికార్డుకెక్కింది కొట్టెయ్యడం కుదరదయ్యా," అన్నాడు క్రాఫ్ట్, పసివాడికి చెప్పినట్టు. "ఆ సాయంత్రం నువ్వొచ్చావా లేదా?"

"వచ్చానంటే సరే. ఒప్పుకున్నానంటున్నారే! మా పిల్లకి చదువొద్దని నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

మూడు నిమిషాలూ అయ్యాయని గంట కొట్టారు.

"కూర్చోవయ్యా బాబూ, మాకూ ఇళ్లున్నాయి," అంది రుమాలు పెట్టుకున్నావిడ.

హార్లన్ కదల్లేదు. కత్తి పట్టీ పట్టీ కొంకర్లుపోయిన వేళ్లు మైకు కడ్డీని వదల్లేదు.

"ఓటిస్, ఈయన్ని బయటికి పంపించు," అంది డన్‌లప్.

తలుపు దగ్గర కాపలా కాసే ఓటిస్ వచ్చాడు. హార్లన్‌కి రెండిళ్ల అవతలే ఉంటాడు. అతని మనవడు కూడా గ్యారిటీ టీచరమ్మ దగ్గరే కూర్చుంటాడు. భుజం మీద చెయ్యేసి చెవిలో అన్నాడు: "పదరా. నా ఉద్యోగం మీదకి తేకు."

"నేను తేలేదురా. అటు చూడు. ఇరవై మూడో గీత."

ఓటిస్ తెర వైపు చూశాడు. అక్కడ తన పేరుంది. ఆ సాయంత్రం కుర్చీలు వేసింది అతనే. నువ్వూ సంతకం పెట్టి ఓ ముక్క తినవయ్యా అంటే పెట్టాడు.

భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఓటిస్!" అంది డన్‌లప్.

క్రాఫ్ట్ సైగ చేశాడు. ఎవరో తెర ఆర్పేశారు.

"ఆర్పినా చూసేశాను మేడమ్," అన్నాడు ఓటిస్, మైకు వైపు వంగి. "ఇరవై మూడోది నాది. అదీ కొట్టెయ్యండి."