నీలమ్మ ఆపిన చెయ్యి

హుస్సేనీ ఆలం గల్లీలో ఏ ఇంట పసిబిడ్డ తినకపోయినా నీలమ్మనే పిలిచేవారు. ఆమె కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి దాని ముక్కు మూసి పట్టుకుంటే, ఊపిరి కోసం నోరు తెరవక ఏం చేస్తుంది! ఆ కాస్త సందులోనే జావ లోపలికి పోయేది. సొంత మనవరాలు విజయలక్ష్మిని కూడా నాలుగేళ్లదాకా అలాగే సాకింది. ఏడో నెలలో పుట్టిన పిల్ల, పిల్లికూనంత ఉండేది మరి. బతికించుకుంది.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఎండాకాలానికి ఆ పిల్లకు పద్నాలుగు నిండాయి. పళ్లెం ముందు కూర్చుంటే గోడకేసి చూస్తుంది. అన్నం ఓణీలో మూటగట్టి చాటుగా పెరట్లో మేకకు వేస్తుంది. లంగా నడుము మీద నిలవడం లేదు. నీలమ్మకు అదే దిగులు.

దవాఖానలో నర్సుగా పనిచేసే పక్కింటి రాహేలు ఒకనాడు అననే అంది: "పసితనంల బలవంతంగ కుక్కితే, పెద్దగైనంక తిండంటేనే బుగులు పడ్తరత్తా."

"నా చేతి తిండి తిని ఎవరు చెడిన్రే? నువ్వు సూదులు పొడువు, పో!"

ఆ ఆదివారం అదే గల్లీలో ఉండే చంద్రమ్మ తన ఏడాది మనవణ్ణి చంకన వేసుకొచ్చింది. నీలమ్మ కాళ్లు చాపింది, ముక్కు పట్టింది. వాడు గింజుకుంటుంటే ఎందుకో తలెత్తి చూసింది. గడప దగ్గర విజయలక్ష్మి. పెదవులు బిగబట్టి, అరచేత్తో తన ముక్కు కప్పుకుని, ఊపిరాడనట్టు నిలబడి ఉంది.

నీలమ్మ వాడి ముక్కు మీంచి చెయ్యి తీసేసింది.

"ఏంది నీలక్కా, ఆపినవ్?"

"వానికి ఆకలి లేదు. తీస్కపో. అయినప్పుడు వాడే నోరు తెరుస్తడు."

"నువ్వేనా గీ మాట అనేది!" చంద్రమ్మ బుగ్గలు నొక్కుకుంటూ వెళ్లింది.

ఆ పూట నీలమ్మ ముద్ద కలపలేదు. జొన్నరొట్టెలు, పుంటికూర ఇద్దరి మధ్యలో పెట్టింది. "నీకెంత గావాల్నో నువ్వే తీస్కో బిడ్డా."

"సగమే దింట."

"సగమే తిను."

"మల్ల లొల్లి జెయ్యవు గదా, బాపమ్మా?"

"జేస్తే నన్ను గూడ మేకకెయ్యి."

పిల్ల ఫక్కున నవ్వింది. సగం తుంచుకుని కూర అద్దుకుంది. మిగిలిన సగం వైపు నీలమ్మ చెయ్యి దానంతటదే పోబోయింది. ఎన్నేళ్ల అలవాటు, ఊరుకుంటుందా! ఆ చేతిని తొడ కింద అదిమిపెట్టి కూర్చుంది.

"కారం తక్కువైంది బాపమ్మా."

తిండికి ఆ పిల్ల వంక పెట్టడం నీలమ్మ ఇన్నేళ్లలో వినలేదు. వంక పెట్టిందంటే రుచి చూసిందన్నమాటే. కారం గిన్నె ముందుకు జరిపి, తనూ ఒక రొట్టె తీసుకుని తినసాగింది.