శ్యామసుందరి వదలని కంటె

పొద్దున కుక్కర్ కూతలు ఆగేలోపు శ్యామసుందరి టిఫిన్ డబ్బాలు కట్టేస్తుంది. మొగుడు భానుప్రసాద్‌కి అన్నం, పప్పు. కొడుక్కి శాండ్‌విచ్, ఎందుకంటే వాడు పులిహోర పెడితే మూత కూడా తియ్యకుండా తిరిగి తెస్తాడు. తనకి మిగిలింది ఏదుంటే అది. తర్వాత యూనిఫాం తొడుక్కుని, మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉన్న రౌండెబౌట్లన్నీ చుట్టుకుంటూ వెర్రిబీలో ఉన్న ఏజ్డ్ కేర్‌కి డ్యూటీకి పోతుంది. ముసలివాళ్లకి స్నానాలు, మందులు, దుప్పట్లు మార్చడం. సాయంత్రానికి నడుం విరిగిపోతుంది. ఇల్లు చేరితే మళ్లీ కుక్కర్.

ఇదే మనిషి కరీంనగర్లో వెండి తీగ పని భీమయ్య కూతురంటే ఇక్కడ ఎవరు నమ్ముతారు? వెండిని దారమంత సన్నగా లాగి, మెలితిప్పి, చుట్టలు చుట్టి, నెమళ్లూ తామరలూ అల్లే పని అది. పెళ్లికాకముందు శ్యామసుందరి తండ్రి పక్కనే కూర్చుని అల్లేది. పెళ్లయింది, మొగుడి వెంట మెల్‌బోర్న్ వచ్చింది, పటకార్లు సూట్‌కేసు అడుగున పడ్డాయి. వాటిమీద స్వెట్టర్లు, స్వెట్టర్లమీద పిల్లాడి పాత బట్టలు.

ఆ ఇంటి పనికి ఒక గుణం ఉంది. వాళ్లు చేసిన వస్తువు చేసిన చేతివైపు మొగ్గుతుంది, చేసినవాళ్ల మాటే వింటుంది. అందుకని కొన్నవాళ్లకి ఇచ్చేటప్పుడు భీమయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని "పోయిరా బిడ్డా" అని చెప్పి పంపేవాడు. ఆ మాటతో అది వాళ్లదైపోయేది. ఎప్పుడైనా పని తొందరలో మరిచాడా, కొత్త కడియం తొడుక్కున్న పెళ్లికూతురు బస్టాండు దాకా పోయి, చెయ్యి ముందు, తను వెనక, తిరిగొచ్చేది. ఆయన అయ్యో అనుకుని, మాట చెప్పి, చాయ్ తాగించి పంపేవాడు. జాకెట్టు బిగుతైతే దర్జీ దగ్గరికి పోమూ, ఇదీ అంతే. ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోలేదు.

భీమయ్య చనిపోయిన ఏడాది శ్యామసుందరికి సెలవు దొరకలేదు. టికెట్ దొరికేసరికి దినకర్మలు కూడా అయిపోయాయి. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ లేచి వంటింట్లోకి పోతుంది.

ఏజ్డ్ కేర్‌లో వారానికోసారి చేతిపనుల బల్ల వేస్తారు. గుండీలు, గవ్వలు, రంగుదారాలు, జిగురు. ఒకరోజు ఆ బల్ల దగ్గర ఒక ఇటలీ ముసలామె విరిగిన బ్రోచ్ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. భానుప్రసాద్ ఎలక్ట్రీషియన్, ఆయన పనిలో మిగిలిన రాగితీగ ముక్కలు ఇల్లంతా, కారంతా, ఈవిడ జేబుల్లో కూడా ఉంటాయి. శ్యామసుందరి ఒక ముక్క తీసి, గోటితో మెలితిప్పి, విరిగినచోట చిన్న ఆకు అల్లి అతికించింది. చేతులు ఏమీ మరిచిపోలేదు. మరిచిపోయింది తనే. ఆ రోజు డ్యూటీ అయ్యాక కార్లో కూర్చుని చాలాసేపు తన వేళ్లు తనే చూసుకుంది, పోయినవాళ్లు తిరిగొచ్చినట్టు సంబరపడింది.

అప్పటినుంచి గరాజ్‌లోంచి కారు బయటికి, బెంచీ లోపలికి. కేబుల్ తొక్క ఒలిచి రాగి తీసేది. చిల్లుల పలకలోంచి వెండిని సన్నటి తీగగా లాగేది. వెర్రిబీ సౌత్ బీచ్‌లో సముద్రం అరగదీసిన సీసాపెంకులు, యూకలిప్టస్ కాయలు, చిరిగిన పట్టుచీర అంచులు, ముసలామెలు ఇచ్చిన పాత గుండీలు, అన్నీ తీగల మధ్యన పొదిగేది. కరీంనగర్ పనిలో ఇలాంటివి ఎన్నడూ లేవు. నాయిన చూస్తే తిడతాడా మెచ్చుకుంటాడా అనుకుంటూ చేసేది. రెండూ చేస్తాడులే అనుకుని నవ్వుకునేది.

కథలోకి ఇక్కడే ఉదయలక్ష్మి వస్తుంది. పాయింట్ కుక్‌లో పెద్ద ఇల్లు, ముందు గదిలో బొటీక్, భర్త యోగానంద్ ఫైనాన్స్‌లో. గుంటూరు వైపు మనిషి, నోట్లో తేనె. తెలుగువాళ్ల ఏ ఫంక్షన్‌కైనా మైకు ఆవిడ చేతిలోనే ఉంటుంది. శ్యామసుందరి చెవులకున్న జూకాలు ఒక బతుకమ్మలో చూసింది. అంతే, మర్నాడే గరాజ్‌కి వచ్చి వాలింది. నువ్వు ఆర్టిస్టువి శ్యామా, అమ్మకాలు నీకెందుకు, అవన్నీ నేను చూసుకుంటాగా అంది. శ్యామసుందరి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక్కో జత చేసి, అరచేతిలో పెట్టుకుని పోయిరా బిడ్డా అని చెప్పి, ఆవిడ సంచిలో వేసేది. ఏంటి గొణుగుతున్నావు అని ఉదయలక్ష్మి అడిగితే సంగతంతా చెప్పింది కూడా. ఆవిడ ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టింది.

కొన్నాళ్లకి భానుప్రసాద్ పనిలో లంచ్ తింటూ ఒక రీల్ చూసి, ఇంటికొచ్చి భార్య చేతిలో ఫోన్ పెట్టాడు. అందులో ఉదయలక్ష్మి శ్యామసుందరి హారం వేసుకుని, పటకారు తలకిందులుగా పట్టుకుని, కెమెరాకేసి చూసి నవ్వుతోంది. ఇవన్నీ తన చేత్తో చేసినవట. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకుందట. అమ్మమ్మ వేళ్లు ఇలా కదిలేవి అని కళ్లు కూడా తుడుచుకుంది.

తన పేరు తీసేస్తే శ్యామసుందరి ఊరుకునేదేమో. కానీ ఆవిడ ఏకంగా తండ్రినే ఎత్తుకుపోయింది. కడచూపుకి కూడా నోచుకోని తండ్రి, ఆయన దగ్గు, ఆయన కొలిమి, ఆయన వేళ్లు, అన్నీ ఎవరో అమ్మమ్మకి రాసిచ్చేసింది.

శ్యామసుందరి వెళ్లి అడిగింది. ఉదయలక్ష్మి ఏమాత్రం తడబడలేదు.

"బ్రాండ్ అంటే ఒక ముఖం ఉండాలి శ్యామా. నువ్వు కెమెరా ముందు నిలబడి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పగలవా? ఉన్నమాట అంటున్నా, ఏమీ అనుకోకు. అమ్మమ్మ అంటే ఆడవాళ్లకి కనెక్ట్ అవుతుంది. మీ నాన్నగారు ఎవరో ఇక్కడ ఎవరికి తెలుసు?"

"గదే అక్కా," అంది శ్యామసుందరి, "ఎవరికీ తెల్వదు."

అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఉదయలక్ష్మి హాయిగా కాఫీ కలిపింది. నేనైతే ఆ కాఫీ ముట్టుకునేదాన్ని కాదు. శ్యామసుందరి చుక్క మిగల్చకుండా తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చింది.

అప్పటిదాకా ఇచ్చినవన్నీ మాట చెప్పి పంపినవి, అవి ఇక ఈమె మాట వినవు. కాబట్టి కొత్తవి చెయ్యాలి. డ్యూటీ నుంచి రావడం, గరాజ్‌లో కూర్చోవడం. జూకాలు, బుట్టలు, లోలాకులు, ఒకదాన్ని మించి ఒకటి. అంత బాగా జన్మలో ఎన్నడూ చెయ్యలేదు. ఉదయలక్ష్మి వచ్చి ఎత్తుకుపోతుంటే చిరునవ్వుతో సంచి పట్టుకునేది. మాట మాత్రం చెప్పేది కాదు. చెప్పడం మానేసిందని ఆవిడ గమనించనే లేదు, కళ్లెప్పుడూ ఫోన్లోనే.

ఒక శనివారం ఇండియన్ స్టోర్‌లో శ్యామసుందరి ట్రాలీ తోసుకుంటూ పోతుంటే, గోంగూర ఏరుకుంటున్న ఒకామె బుట్టకమ్మలు రెండూ ఇటు తిరిగి అడ్డంగా నిలబడ్డాయి. ఆమె తలవంచి చెవులు సర్దుకుని మళ్లీ గోంగూర ఏరుకుంది. శ్యామసుందరి మాత్రం పాలు కూడా కొనకుండా గబగబా బయటపడింది. ఇంకా టైం కాలేదు.

వెర్రిబీలో చేతిపనులవాళ్ల సంఘం ఒకటి ఉంది. వాళ్లు ఎగ్జిబిషన్ పెట్టి, గెలిచినవాళ్లకి ఏడాదిపాటు ఒక పనిగది ఇస్తారు. తలుపుమీద పేరు రాస్తారు, క్లాసులు చెప్పిస్తారు. ఉదయలక్ష్మి ఆ గదిమీద కన్నేసింది. తన మెడకి నిండుగా ఒక కంటె కావాలంది, హుక్కులూ గొలుసులూ లేకుండా మెడని చుట్టి కూర్చునే పాతకాలపు కంటె. పోటీ రోజు నువ్వు రాకు శ్యామా, అందరూ ఇంగ్లీషువాళ్లు, నీకే ఇబ్బంది అని కూడా చెప్పింది.

"చేస్తనక్కా," అంది శ్యామసుందరి.

వెండీ రాగీ కలిపి పేనింది. మధ్యన ఆకుపచ్చ సముద్రపు పెంకు, దాని చుట్టూ తన పెళ్లిచీర అంచు. కోపమంతా ఆ తీగల్లోకి చుట్టింది. భానుప్రసాద్ తలుపు దగ్గర నిలబడి చూసి, చాయ్ పెట్టి వెళ్లాడు. ఆయన కరీంనగర్ అల్లుడు, ఆయనకి తెలుసు.

పోటీ రోజు హాలు నిండింది. మన ఆడవాళ్లంతా ఉదయలక్ష్మి కోసం పట్టుచీరల్లో వచ్చారు, అందరి చెవులకీ ఈ కొత్త కమ్మలే. సంఘం పెద్ద గ్లెనిస్ అనే తెల్లజుట్టావిడ. ఆమె పిలవగానే ఉదయలక్ష్మి స్టేజీ ఎక్కి, కంటె నిమురుకుంటూ అమ్మమ్మ కథ మొదలుపెట్టింది. అప్పుడు శ్యామసుందరి డ్యూటీ యూనిఫాంలోనే వచ్చి, వెనక వరసలో కూర్చుంది.

ఆమె కూర్చోగానే హాల్లో కమ్మలన్నీ ఇటు తిరిగాయి. శ్యామసుందరి చేతులు ఒళ్లో పెట్టుకుని, పిల్లల్ని అన్నానికి పిలిచినట్టు, మెల్లగా "రండి" అంది.

చెవులు తెగకుండా కాపాడుకోవడానికి ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. సారీ, ఎక్స్‌క్యూజ్ మీ అనుకుంటూ, కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుని, వెనక వరసకి వచ్చి నిలబడ్డారు. స్టేజీమీద ఉదయలక్ష్మి మైకు స్టాండుని వాటేసుకుంది. కంటె లాగింది. అమ్మమ్మ వేళ్లు అంటూ ఒక అడుగు, ఇలా కదిలేవి అంటూ ఇంకో అడుగు. మెట్లు దిగింది. యోగానంద్ చెయ్యి పట్టుకుని ఆపబోతే ఆయన్ని కూడా ఈడ్చుకుంటూ వచ్చి, శ్యామసుందరి ముందు ఆగింది. తీసేద్దామా అంటే, తీసిన మరుక్షణం అది ఎవరి ఒళ్లో పోయి పడుతుందో ఆవిడకి బాగా తెలుసు. పిడికిలి బిగించి కంటెని పట్టుకుని నిలబడింది.

గ్లెనిస్ కళ్లజోడు సర్దుకుని వెనక్కి వచ్చింది. ఇవి నువ్వు చేసినవా అని శ్యామసుందరిని అడిగింది. అవునని తలూపితే, పోటీ బల్లమీదున్న ఉదయలక్ష్మి పేరుకార్డు తెచ్చి, తిప్పి, పెన్ను ఇచ్చి, స్పెల్లింగ్ నువ్వే రాయమ్మా, నేను తప్పు రాస్తాను అంది. శ్యామసుందరి తన పేరు రాసింది. దానిముందు, భీమయ్య కూతురు అని కూడా రాసింది.

తర్వాత ఆడవాళ్లు వరసలో వచ్చారు. ఒక్కొక్కరి చెవి పట్టుకుని, కమ్మకి పోయిరా బిడ్డా అని చెప్పింది. వాళ్ల తప్పేముంది పాపం, ముచ్చటపడి కొనుక్కున్నారు. కమ్మలు మామూలుగా వేలాడాయి, వాళ్లు టీ తాగడానికి పోయారు. చివరికి ఉదయలక్ష్మి మిగిలింది.

"శ్యామా, పొరపాటైంది. అందరూ చూస్తున్నారు. ఆ మాటేదో దీనికీ చెప్పెయ్, నీకు పుణ్యముంటుంది," అంది, గొంతు తగ్గించి.

శ్యామసుందరి కంటెమీద రెండు వేళ్లు ఆనించింది. పక్కవాళ్లకి కూడా వినబడేలా చెప్పింది.

"ఈమె మెడ వదలకు. మా నాయిన పేరు చెప్పినప్పుడు తేలికైతవ్. చెప్పకుండ ఉన్నంతసేపు బరువైతవ్. నేను పోయిరమ్మనేదాక గింతే."

ఆ సాయంత్రానికే ఉదయలక్ష్మి తల కంచంలోకి వంగిపోయింది. యోగానంద్ సబ్బు రాశాడు, నూనె రాశాడు, కట్టర్ తెచ్చాడు. కట్టర్ మొండిబోయింది. ఆఖరికి ఆవిడ పళ్లు కొరుక్కుంటూ, కరీంనగర్ భీమయ్య అంది. కంటె దూదిలా తేలింది. అన్నం తింది. చెయ్యి కడుక్కునేసరికి మళ్లీ బరువు.

ఇప్పుడు పాయింట్ కుక్‌లో ఎవర్ని అడిగినా భీమయ్య ఎవరో చెప్తారు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే కుర్రదానికి చెప్పింది, పళ్ల డాక్టరుకి నోరు తెరిచి ఉండగానే చెప్పింది, సత్యనారాయణ వ్రతంలో పంతులు గోత్రం అడిగితే ముందు భీమయ్య పేరు చెప్పి తర్వాత గోత్రం చెప్పింది. రీల్స్ చేస్తూనే ఉంది, ప్రతిదీ ఆయన పేరుతోనే మొదలవుతుంది. అవి చూసి వెర్రిబీలో శ్యామసుందరి గెలిచిన పనిగదికి జనం వరస కడుతున్నారు. తలుపుమీద శ్యామసుందరి పేరుంది. లోపల గోడకి భీమయ్య ఫోటో ఉంది.

మొన్న భానుప్రసాద్ భార్యని తీసుకుపోవడానికి గదికి వచ్చాడు. దారిలో ఉదయలక్ష్మి కనబడిందట. ట్రామ్‌లో టికెట్ చూసేవాడిలా అందర్నీ ఆపి భీమయ్య పేరు చెప్తోందట, మనిషి చిక్కిపోయిందట. జాలేసింది ఆయనకి.

"ఇగ చాలు గదనే," అన్నాడు. "పోయిరా బిడ్డా అననీకి ఎంతసేపు?"

శ్యామసుందరి తలెత్తలేదు.

"మా నాయిన పేరు తీసేయనీకి ఆమెకెంతసేపు పట్టింది?" అంది. పలకలో తీగ కొస దూర్చి, పటకారుతో పట్టుకుని, మళ్లీ లాగడం మొదలుపెట్టింది.