గాయత్రికి మన్ను వచ్చిన రోజు

పొద్దున్నే వంట ముగించుకుని, రిజిస్టరు చంకన పెట్టుకుని గాయత్రి ఇల్లిల్లూ తిరిగేది. దెందులూరుకి దిగువన, కొల్లేటి అంచునున్న ఊరికి ఆశా కార్యకర్త ఆమె. చంటిపిల్లలకి టీకాలు, గర్భిణులకి ఐరన్ మాత్రలు, ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగరు. ఎవరికైనా ఒంట్లో కేన్సర్ పుట్టి ఉంటే మాత్రం, వాళ్ళకెదురుగా కూర్చోగానే గాయత్రి నోట్లో మన్ను ఊరేది. నల్లటి మెత్తటి చెరువు మన్ను. నాలుక కింద మొదలై బుగ్గల నిండా వచ్చేది. ఒక్కోసారి నత్తగుల్లలు పళ్ళకి తగిలేవి. ఆ ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేవారు. ఆమె గుమ్మం పక్కన ఊసి, పుక్కిలించి, ఏలూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చేది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చినంత మామూలుగా జరిగిపోయేది ఇదంతా.

అలవాటు కానిది గాయత్రికే. మన్ను వచ్చిన రోజు అన్నం సహించేది కాదు. అంతకన్నా రోత మనుషుల్ని చూస్తే. మన్నుకి దణ్ణం పెట్టేవారు, చీటీని చూరులో దోపేసేవారు. బుగ్గ లోపల తెల్లమచ్చ పెట్టుకున్న మాణిక్యం, ఆమె ఊస్తుంటే పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. గుట్కా నములుతూనే.

సొంత ఇంట్లోనూ అంతే అయింది. గంగాధరరావు ఆమె భర్తకి అన్నగారు, నలభై ఎకరాల చేపల చెరువులున్న మనిషి. నిరుడు మాఘమాసంలో ఆయన భార్య సుబ్బలక్ష్మి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే గాయత్రికి మన్ను వచ్చింది. ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ ఉందని, నొప్పి లేదు కదాని ఊరుకున్నానని సుబ్బలక్ష్మి అప్పుడు చెప్పింది. నొప్పి లేని గడ్డే ముందు చూపించుకోవాలని గాయత్రి బతిమాలింది. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని ఎవరో అన్నారంటూ, గంగాధరరావు ఆవిడని అత్తిలి వైపు పసరు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఏడు నెలలు పసరు కట్టారు. ఇంట్లో సాంబ్రాణి పొగ రెండు పూటలా వేస్తున్నారంటే దేనికో గాయత్రికి అర్థం కాలేదు. ఒకరోజు తలుపేసి తోటికోడలి కట్టు తనే విప్పింది. గడ్డ పగిలి ఉంది. ఆకు పిప్పీ చీమూ కలిసి గుడ్డకి అంటుకుపోయాయి. సుబ్బలక్ష్మి సిగ్గుతో మొహం గోడకి తిప్పుకుంది. గాయత్రి పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుని, వచ్చి కట్టు శుభ్రం చేసింది. మర్నాడు ఎవరినీ అడక్కుండా ఆవిడని ఆటో ఎక్కించి ఏలూరు తీసుకెళ్ళింది.

ముక్క పరీక్ష అయింది. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత సుబ్బలక్ష్మి పక్కన ఎంతసేపు కూర్చున్నా గాయత్రికి మన్ను రాలేదు. దాంతో జబ్బు పోయినట్టేనని గంగాధరరావు ఊరందరికీ చెప్పుకున్నాడు. కీమోలు మిగిలున్నాయని, అవి ఎక్కినన్నాళ్ళూ ఒంట్లో తెల్లకణాలు తగ్గిపోతాయని, జ్వరం నూరు దాటి ఏమాత్రం పెరిగినా, నూటొకటి దాకా ఆగకుండా గంటలో తీసుకురావాలని డాక్టరమ్మ చెప్పిన మాటలు ఆయన చెవికెక్కలేదు.

రెండో కీమో ఎక్కిన పదో రోజు ఆదివారం. ఆ రోజే వాళ్ళబ్బాయి దుర్గాసాయికి నిశ్చితార్థం. తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళికూతురు అలేఖ్య వాళ్ళు పదకొండింటికి దిగారు. పందిట్లో పలకరింపులు సాగుతుండగా గాయత్రి వెనకగదిలోకి వెళ్ళింది. సుబ్బలక్ష్మి పట్టుచీర మీద దుప్పటి కప్పుకుని వణుకుతోంది. థర్మామీటరు నూటరెండు చూపించింది. చేతులు చల్లగా ఉన్నాయి. "అమ్మా, చీకటి పడిందా?" అని అడిగింది గాయత్రిని. పట్టపగలు కిటికీలోంచి ఎండ మంచం మీదే పడుతోంది.

గాయత్రి వెళ్ళి గంగాధరరావుని పక్కకి పిలిచింది.

"వెంటనే ఏలూరు తీసుకెళ్ళాలండి బావగారూ. ఇది మామూలు జ్వరం కాదు."

"పారాసిటమాల్ ఒకటెయ్యమ్మా. వియ్యాలవారి ముందు ఆస్పత్రి గొడవేంటి? రేపు తీసుకెళ్దాం."

"రేపటిదాకా ఆగదండి. నెత్తురుకి విషం ఎక్కుతోంది."

ఆయన ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. "నీకు మన్నొచ్చిందా?"

"రాలేదండి. ఈ జ్వరానికి అది రాదు."

"మరింకేం," అని భుజం మీద కండువా సర్దుకుని పందిట్లోకి వెళ్ళిపోయాడు. గాయత్రి భర్త అక్కడే ఉన్నాడు, కానీ అన్నయ్య ముందు నోరు విప్పే అలవాటు ఆయనకి లేదు.

గాయత్రి పెరటి తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఇంటి వెనకే గంగాధరరావు చెరువు. చేపలకి కోళ్ళ వ్యర్థాలు మేపుతాడు. గట్టు పొడుగునా డ్రమ్ములు, వాటి చుట్టూ ఈకలు, కుళ్ళిన పేగులు, తెట్టుకట్టిన నీళ్ళు. ముక్కు మూసుకోకుండా ఆ గట్టు మీద నిలబడ్డవాళ్ళని ఆమె ఎప్పుడూ చూడలేదు. వంగి చేత్తో మన్ను తీసింది. అందులో ఏదో కదిలింది. కళ్ళు మూసుకుని నోట్లో కుక్కుకుంది. రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా పందిట్లోకి వచ్చింది.

తాంబూలాల పళ్ళెం ముందు గంగాధరరావు కాళ్ళ దగ్గర ఊసింది. నల్లటి ముద్ద. దాంతోపాటు వాంతి.

"అక్కయ్యకండి," అంది.

గాయత్రి మన్ను సంగతి తాడేపల్లిగూడెం దాకా తెలిసిందే. అలేఖ్య వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. వాళ్ళ నాన్న లేచి, గుమ్మం ముందే మా కారుంది, ముహూర్తానికేం, మళ్ళీ పెట్టుకోవచ్చని తాళాలు తీశాడు. ఆ తర్వాత గంగాధరరావు కాదనలేకపోయాడు.

ఏలూరు చేరేసరికి సుబ్బలక్ష్మికి బీపీ పడిపోయింది. నర్సులు రక్తం తీసి, రిపోర్టు రాకముందే యాంటీబయాటిక్ ఎక్కించారు. తెల్లకణాలు దాదాపు లేవని, ఇంకో రెండు మూడు గంటలు ఆగుంటే చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. రెండు రోజులు సుబ్బలక్ష్మి ఎవరినీ గుర్తుపట్టలేదు. నాలుగో రోజుకి కణాలు పెరగడం మొదలైంది. జ్వరం దిగింది.

ఆ మధ్యాహ్నం వార్డు బయట బల్ల మీద గంగాధరరావు గాయత్రి పక్కన కూర్చున్నాడు.

"ఆ జబ్బు మళ్ళీ వచ్చినట్టేనా అమ్మా? మన్నొచ్చిందిగా."

"రాలేదండి. అది మీ చెరువు మన్ను. నేనే తీసి నోట్లో పెట్టుకున్నాను."

ఆ చెరువులో ఏముంటుందో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"మరి నాతో చెప్పొచ్చుగా," అన్నాడు నేలవైపు చూస్తూ.

"చెప్పానండి," అంది గాయత్రి. అరిచేంత కోపం కూడా లేదు. ఆయన వేసుకున్న సెంటు వాసన భరించలేక కొంచెం పక్కకి జరిగింది.

లోపల్నించి సుబ్బలక్ష్మి నీరసంగా పిలిచింది. గంజి కావాలంది. గాయత్రి లేవబోతుంటే గంగాధరరావు ముందు లేచాడు. ఇన్నాళ్ళలో ఆ మంచం దగ్గరికి ఆయన వెళ్ళడం అదే మొదలు.

"నేను తాగిస్తాను. ఎలాగో చెప్పు."

"ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి."

ఆయన కొళాయి దగ్గర నిలబడి కడుక్కున్నాడు. గాయత్రి వెనకాలే నిలబడి, ఉంగరాల సందుల్లోకి, గోళ్ళ కిందికి చూసింది.

"ఉంగరాలు తీసేసి, ఇంకోసారి కడగండి," అంది.