తోక తెగిన శ్రేణి

వికారాబాద్‌లో ఒక కాలేజీ హాల్లో శంకరప్ప సారుకు పాత విద్యార్థులంతా కలిసి సన్మానం చేస్తున్నారు. వందన సమర్పణ రెబెక్క వంతు. మూడో వరుసలో కూర్చుని, ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో మనసులో తిప్పుకుంటోంది. ఆమె తాండూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్. శంకరప్ప సారు దగ్గరే పీహెచ్‌డీ చేసింది. పక్కన తల్లి మార్త, పెద్దేముల్ నుంచి పొద్దున్నే షేర్ ఆటో పట్టుకుని వచ్చింది. ఒళ్లో కందిపప్పు సంచి. సారు దగ్గరికి ఉత్త చేతులతో పోవడం ఆమె ఎరగదు.

రెబెక్క చదువు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఆ రోజు ఆమెకు జరిగిన అన్యాయం మీకు అర్థం కాదు. లెక్కలు మాకెందుకు అని మొహం తిప్పుకోకండి, మీ సొమ్మేం పోదు. ఫిజిక్స్‌లో చాలా ప్రశ్నలకు సూటిగా జవాబు రాదు. మొదట ఉజ్జాయింపుగా ఒక పదం, అంటే ఒక అంకె, దానికి చిన్న సవరణ, ఆ సవరణకు ఇంకా చిన్న సవరణ, అలా కలుపుకుంటూ పోవాలి. దాన్ని శ్రేణి అంటారు. చిక్కేమిటంటే, ఈ పదాలు కొంతదూరం చిన్నవవుతూ పోయి, ఒకచోట నుంచి మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. ఇక పెరుగుతూనే ఉంటాయి. అన్నీ కలిపితే జవాబు అనంతం, అంటే దేనికీ పనికిరాదు. అందుకని వెనకటివాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అన్నిటికన్నా చిన్న పదం వచ్చేదాకా కలుపు, అక్కడ ఆపేయ్, మిగతా తోక కత్తిరించి పారేయ్. శంకరప్ప సారు ఉద్యోగమంతా ఆ పద్ధతి మీదే వెళ్లిపోయింది.

రెబెక్క పట్టుకున్నది ఆ తోకనే. రెండు గుంతల మధ్య గోడ ఉందనుకోండి. గోడ ఎక్కే శక్తి లేని కణం కూడా ఎప్పుడో ఒకప్పుడు గోడలోంచే అవతలికి జారుకుంటుంది. శ్రేణి మొదటి పదాల్లో ఎంత వెతికినా ఆ సంగతి కనపడదు. తోకలో పదాలు ఏ తీరుగా పెరుగుతున్నాయో చూస్తే, అందులో ఉంటుంది. ఒకసారి మార్త, “ఏం సదువుతున్నవే బిడ్డా గన్ని దినాల సంది?” అని అడిగింది. “పనికిరాదని పారేసింది మళ్ల లేస్తదమ్మా, గదే నా సదువు” అంది రెబెక్క. “గింతేనా, గది మన ఈస్టరే కద” అని మార్త మురిసిపోయింది. ధారూర్ క్రైస్తవ జాతరలో కనపడిన ప్రతి చుట్టానికీ అదే చెప్పుకుంది.

అప్పట్లోనే ఒక రోజు తల్లీకూతుళ్లిద్దరూ వికారాబాద్‌లో సారు ఇంటికి వెళ్లారు. వరండాలో మార్త కింద కూర్చుని కందిపప్పు సంచి పక్కన పెట్టుకుంది. రెబెక్క లాప్‌టాప్ తెరిచి చూపించింది.

“సార్, తోకల ఒక అల కనపడుతుంది సార్. కణం జారే దారి ఒక్కటే అయితే ఒక పదానికి దాని ముందటి పదానికి ఉన్న గీ నిష్పత్తి నున్నగ పోవాలె. పైకి కిందికి ఊగుతుంది. మనకు తెల్వని దారి ఇంకోటేదో ఉన్నది.”

సారు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. “గది కంప్యూటర్ తప్పు బిడ్డా. చివరి అంకెలు కోసేస్తది కద. ముందుకు పోంగ పోంగ గా తప్పే పెరిగి అల లెక్క కొడ్తది.”

“నేను గూడ గట్లనే అనుకున్న సార్. అంకెలు రెట్టింపు పెట్టి మళ్ల చేసిన. తప్పయితే అల మారాలె. జర గూడ మారలే.”

జవాబు తోచనప్పుడు గురువులు ఏం చేస్తారో సారూ అదే చేశాడు, నవ్వాడు. “చిన్న పదం కాడ ఆపెయ్. థీసిస్‌ల గా అధ్యాయం తీసెయ్. పరీక్షకు వచ్చినోళ్లు గీ అల ఏందని అడిగితే నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? ముందు డిగ్రీ రానీ, తర్వాత నీ ఇష్టం.”

రెబెక్క ఇంకేదో అనబోయింది. కింద నుంచి మార్త కొంగు సవరించుకుంటూ, “సారు మాట ఇను బిడ్డా. నీ మంచికే చెప్తడు” అంది.

రెబెక్క విన్నది. అధ్యాయం తీసేసింది. డిగ్రీ వచ్చింది. సారు ఒక్క ఫోన్ కొడితే తాండూరులో ఉద్యోగమూ వచ్చింది. ఏటా జూన్‌లో మళ్లీ సారు ఫోన్ కొడితేనే అది నిలుస్తుంది. పొద్దంతా క్లాసులు, సాయంత్రం ట్యూషన్లు, ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా నాపరాళ్ల దుమ్ము. తర్వాత నీ ఇష్టం అన్నాడే, ఆ తర్వాత అనేది రానే లేదు. నిరుడు ఎక్కడో విదేశంలో ఇద్దరు కలిసి ఒక పేపర్ వేశారు. అదే శ్రేణి, అదే తోక, అదే అల. అది రెండో దారి జాడేనని నిరూపించారు. రెబెక్క ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇప్పుడు స్టేజీ మీద, మెడలో దండతో, శంకరప్ప సారు ఆ పేపర్ గురించే మాట్లాడుతున్నాడు.

“ఆ అల అందరికన్నా ముందు మా రెబెక్క కంట్లో పడింది. నేను అప్పుడే చెప్పాను, అమ్మాయ్, దీన్ని వదలకు, తోక కత్తిరించకు, అందులో ఏదో ఉంది అని. వినలేదు. ఈ కాలం పిల్లలకు తొందరెక్కువ, డిగ్రీ చేతికొస్తే చాలు. నా మాట విని ఉంటే ఇవాళ ఆ పేరు మన జిల్లాకు వచ్చేది.”

హాలంతా అయ్యో పాపం అన్నట్టు ఆమె వైపు తిరిగింది.

అబద్ధమాడుతున్నాడా అంటే, కాదు. అదే కదా ఒళ్లు మండే సంగతి. అబద్ధమని తెలిసి ఆడేవాడైతే ఎక్కడో ఒకచోట నాలుక తడబడుతుంది, చూసినవాళ్లకు అనుమానమొస్తుంది. ఈయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. తను అలాగే చెప్పానని ఆ పెద్దమనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. వరండాలో ఆ రోజు అన్న మాటలు ఆయన బుర్రలోంచి ఎప్పుడో రాలిపోయాయి.

సభ నడుపుతున్న అరుణ్‌కుమార్, “ఇప్పుడు వందన సమర్పణ, డాక్టర్ రెబెక్క గారు” అని పిలిచాడు.

మైకు ముందు నిలబడ్డాక ఆమె గొంతులోకి ఒక్కటే వాక్యం వచ్చింది. సార్, మీరు తీసేయమంటేనే నేను తీసేశాను. అంతే, ఒక్క ముక్క. దాంతో తన పని తనదవుతుంది. పోతే ఉద్యోగం పోతుంది. పోనీ, అనుకుంది కూడా. తల ఎత్తితే మూడో వరుసలో అమ్మ కనపడింది, సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లార్పకుండా చూస్తోంది. అమ్మకు తెలుసు. ఆ రోజు అమ్మ అక్కడే ఉంది, చెవులారా విన్నది. ప్రపంచంలో ఒక్కరికి నిజం తెలిస్తే చాల్లే అనిపించింది రెబెక్కకు. ఆ ధైర్యంతోనే ఆ వాక్యాన్ని మింగేసింది. సారుకు, ప్రిన్సిపాల్‌కు, మైకు పెట్టినవాళ్లకు, టీ ఇచ్చినవాళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి ఆపేసింది. ఎక్కడ ఆపాలో ఆమెకు బాగా నేర్పించారు. మార్త వెళ్లి కందిపప్పు సంచి సారు కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టింది.

సాయంత్రం తాండూరు పాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. బండి ధారూర్ దాటింది. అమ్మ ఆ వరండా మాట ఎప్పుడెత్తుతుందా అని రెబెక్క ఎదురుచూస్తోంది. ఎత్తితే తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చేసేలా ఉంది.

మార్త కొంగుతో మొహం తుడుచుకుంది. “సారు కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు బిడ్డా, నీ గురించి. మస్తు బాధయింది నాకు.”

“ఊఁ.”

“గప్పుడు నేను గూడ చెప్పితి కద. సారు మాట ఇను బిడ్డా అని.”

రెబెక్క తల్లి మొహంలోకి చూసింది. అందులో ఎత్తిపొడుపు లేదు, వట్టి దిగులు.

“ఇన్ననమ్మా.”

“ఇంటే గిట్లెందుకైతది బిడ్డా?”